అత్తగారు అలిగారనుకున్న రోజులు

మా అత్తగారు ఎలాంటి మనిషో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగినదాంట్లో వింత ఏముందో తెలియదు.

రాజోలు దగ్గర కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఊరు మాది. డెబ్బైల చివర నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. మావయ్యగారు ముప్పై ఏళ్లు కాలవ లాకుల దగ్గర, చేలకి నీళ్లు వదిలి ఆపే తలుపుల కాపలా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మా ఆయన హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఇద్దరూ నెమ్మదస్తులు. ఇంట్లో గొంతంటూ ఉన్నది అత్తగారికే. కొబ్బరి దింపుకి ఎవర్ని పిలవాలి, పాలేరు గడ్డి ఏ వైపు కోయాలి, ఏకాదశి నాడు ఎవరెవరు ఉపవాసం ఉండాలి, అన్నీ ఆవిడే చెప్పేవారు. ఒకసారి మా ఆయన టిఫిన్ కారియరు మరిచిపోయి లాంచీ ఎక్కేశారు. లాంచీ గోదావరిలోకి వెళ్లిపోయింది. ఆవిడ రేవులో నిలబడి ఒక్క కేక పెట్టారు. దాన్ని నడిపే సరంగు భయపడి వెనక్కి తిప్పుకొచ్చాడు. పాసింజర్లలో ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదట.

నాకు ఆవిడంటే భయమూ ఉండేది, లోలోపల కాస్త కోపమూ ఉండేది. ఎనిమిదేళ్ల కాపురంలో ఒక్క జాడీ ఆవకాయ కూడా నా చేత్తో కలపనివ్వలేదు.

ఎనభైల నడిమిలో, ఒక మాఘమాసంలో ఆవిడకి తల తిరిగినట్టయింది. ఒకసారి వాంతి అయింది. పైత్యం చేసిందనుకుని అల్లం రసం తాగించాం. రెండు రోజులు అదేపనిగా నిద్రపోయారు. మూడో రోజు లేచారు, స్నానం చేశారు. హమ్మయ్య, తగ్గిపోయిందనుకున్నాం. చెయ్యీ కాలూ పడిపోలేదు, మూతి వంకర పోలేదు. పక్షవాతమంటే మాకు తెలిసింది అదే. ఇది అలాంటిదని అనుమానం కూడా రాలేదు.

ఆ రోజే పనసకాయ ముందు పెట్టుకుని పొట్టు కొట్టడానికి కూర్చున్నారు. నేను పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి సగం కాయ కొట్టి, కత్తి చేతిలో పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు. ఏదో ఆలోచిస్తున్నారేమోనని ఊరుకున్నాను. గంట తర్వాత చూసినా అంతే.

"కొట్టటం అయిపోయిందా అత్తయ్యగారూ?" అన్నాను.

"లేదు."

"మిగతాది నేను కొట్టనా?"

"కొట్టు."

పనసపొట్టు నేను కొడితే ముక్కలు పడతాయని ఎనిమిదేళ్లుగా నన్ను కత్తి ముట్టుకోనివ్వలేదు. ఆవిడ నా మీద అలిగారని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. లేదా, తెలిసిందనుకున్నాను.

ఆ తర్వాత ఎటు చూసినా అలకే కనిపించింది. కాఫీ ముందు పెడితే చల్లారిపోయేదాకా అలాగే చూసేవారు. "తాగండి" అంటే తాగేవారు. అన్నం వడ్డిస్తే తినమని చెప్పాలి. ఏదడిగినా ఒక్క మాటలో జవాబు. తనంతట తాను ఒక్క మాట లేదు. కొబ్బరి చెట్టు ఎక్కేవాడు వచ్చి వాకిట్లో నిలబడి, "ఏ చెట్లు దింపమంటారండీ అమ్మగారూ?" అని మూడుసార్లు అడిగి, సమాధానం లేక, బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ నా దగ్గరికొచ్చి, "నా వల్ల ఏవన్నా తప్పు జరిగిందాండీ?" అని మెల్లగా అడిగాడు.

ఇంట్లో ప్రతివాళ్లకీ అదే అనుమానం. మావయ్యగారు రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చున్నారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను.

"ఏమే, నీకు తెలిసిపోయిందని నాకూ తెలిసింది. నిజవే. చుట్ట మానలేదు. పశువుల పాక వెనక రోజుకొకటి కాలుస్తున్నాను. నీ మీద ఒట్టేసి కూడా కాల్చేను. తప్పే."

ఆవిడ "ఊఁ" అన్నారు. అంతే. మావయ్యగారు తుఫాను రాకపోయేసరికి మరింత హడలిపోయారు.

సాయంత్రం మా ఆయన వంతు. పెరట్లో నిమ్మచెట్టు గాలికి పడిపోలేదనీ, సైకిలు షెడ్డుకి అడ్డొస్తోందని ఆవిడ ఊళ్లో లేనప్పుడు తానే కొట్టించారనీ ఒప్పుకున్నారు. దానికీ "ఊఁ". మర్నాడు నేను ధైర్యం చేశాను. మాగాయ జాడీ పిల్లి పడెయ్యలేదు, నా చెయ్యి జారి పగిలిందని చెప్పేశాను. చెప్పి కళ్లు మూసుకున్నాను. "సరేలే" అన్నారు. కబురందుకుని కొత్తపేట నుంచి మా ఆడపడుచు దిగింది. వస్తూనే తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, నీకు చెప్పకుండా నీ పట్టుచీర పట్టుకెళ్లాను, అది నేనే, క్షమించమని ఏడ్చింది. అప్పటిదాకా ఆ చీర పోయిన సంగతే మాకు తెలియదు.

నలుగురం మా తప్పులన్నీ ఒప్పుకున్నాం. అత్తగారు మాత్రం మారలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ వారం మేం పడిన అవస్థ అంతా ఇంతా కాదు.

అలక కాదని నాకు తెలిసింది వడియాల దగ్గర. గుమ్మడి వడియాలు పెట్టి ఎండలో ఆరబెట్టాను. ఆవిడ పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నారు. నేను లోపల పనిలో ఉండగా అకాలపు జల్లు పట్టుకుంది. బయటికి పరుగెత్తుకొచ్చి చూస్తే వడియాలు నానిపోతున్నాయి. ఆవిడ తడుస్తూ వాటినే చూస్తున్నారు. ఆకాశంలో చిన్న మబ్బు కనిపిస్తే వీధి వీధంతా హెచ్చరించే మనిషి!

"అత్తయ్యగారూ, వాన పడుతోంది!"

"పడుతోంది."

"వడియాలు తడిసిపోతున్నాయి కదా."

ఆవిడ వాటి వైపు చూసి, "తియ్యాలి," అన్నారు. అన్నారు గానీ కదల్లేదు. మొహంలో కోపం లేదు, సాధింపు లేదు. తియ్యాలని తెలుసు. ఆ తెలిసినది చేతిదాకా రావడం లేదు. "లేవండి" అని చెయ్యి పట్టుకోగానే చిన్నపిల్లలా లేచి నాతో లోపలికి వచ్చారు. తల తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అలిగిన మనిషి చెయ్యి అలా రాదు.

మర్నాడే అమలాపురం తీసుకెళ్లాం. అక్కడ కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. రక్తపోటు చూసి కనుబొమలు ఎగరేశారు. చేతులెత్తించారు, నడిపించారు, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టారు. అన్నీ బాగానే ఉన్నాయి. తారీకు, వారం, ఊరు పేరు, మనవరాలి పేరు అడిగారు. అన్నీ సరిగ్గా చెప్పారు. అప్పుడాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అమ్మగారూ, ఒక్క నిమిషంలో మీకు తెలిసిన కూరగాయల పేర్లన్నీ చెప్పండి," అన్నారు.

"వంకాయ," అన్నారు అత్తగారు. కాసేపాగి, "బెండకాయ."

అక్కడితో ఆగిపోయారు. గడియారం ముల్లు తిరుగుతోంది. పాదులన్నీ తనే పెట్టిన మనిషి. నా నాలిక మీద దొండ, బీర, పొట్ల, ఆనప వరసకట్టి నిలబడ్డాయి. మావయ్యగారు నా వైపు చూసి, అందించొద్దని తల అడ్డంగా ఊపారు.

"దొండకాయ తెలుసా అండి మీకు?" అని డాక్టరుగారు అడిగారు.

"ఆయ్, తెలుసండి. దొండకాయ."

తర్వాత బల్ల మీద పిడికిలి, అరచెయ్యి, అరచేతి అంచు వరసగా పెట్టి చూపించి అలాగే చెయ్యమన్నారు. ఆవిడ పిడికిలి పెట్టారు. మళ్లీ పిడికిలి. మళ్లీ పిడికిలే.

"ఇంతకు ముందు ఈవిడ ఎలా ఉండేవారండి?" అన్నారు డాక్టరుగారు.

"ఈవిడాండీ?" అన్నారు మావయ్యగారు. "వెళ్లిపోయిన లాంచీని వెనక్కి పిలిచిన మనిషండి."

డాక్టరుగారు మాకు విడమరిచి చెప్పారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగమే మనిషి చేత పని మొదలుపెట్టిస్తుందట. ఒక పని ఆపి ఇంకో పనిలోకి మళ్లించేదీ, కోపాన్నీ నోటినీ అదుపులో పెట్టేదీ కూడా అదేనట. "ఈవిడ లక్షణాలన్నీ ఆ భాగం దెబ్బతిన్నట్టే ఉన్నాయండి. గడ్డ కూడా కావచ్చు. మద్రాసులో తల లోపల ఫొటో తీసే యంత్రం ఉంది. ఆలస్యం చెయ్యకండి."

గడ్డ అన్న మాట విన్నాక, మద్రాసు ఖర్చుకి ఎవర్ని అడగాలా అని తిరుగు బస్సులో దారంతా తర్జనభర్జన పడ్డాం. అత్తగారొక్కరే కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ ప్రశాంతంగా ఉన్నారు.

నాలుగు రోజుల్లో రాజమండ్రి వెళ్లి మద్రాసు మెయిలెక్కాం. ఆస్పత్రిలో పెద్ద గుండ్రటి యంత్రం. దాంట్లో తల పెట్టి పడుకోబెట్టి, తెలుగొచ్చిన నర్సు "కదలొద్దమ్మా" అంది. అత్తగారు కదల్లేదు. ఫొటో అయిపోయాక, ఇంత నిశ్చలంగా ఉన్న పేషెంటుని ఎప్పుడూ చూడలేదని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. యంత్రం ఆగిపోయినా, వాళ్లు తలుపు తీసినా ఆవిడ అలాగే పడుకుని ఉన్నారు. చివరికి మావయ్యగారు తలుపు దగ్గర నుంచే, "ఇంక లేవచ్చే!" అన్నారు. లేచి కూర్చున్నారు.

అక్కడి పెద్ద డాక్టరుగారు మాకు ఫిల్ము దీపానికి పెట్టి చూపించారు. గడ్డ లేదు. మేం ముందు విన్నది ఆ ఒక్క మాటే. వింతేమిటంటే నుదుటి వెనక భాగం చెక్కు చెదరకుండా ఉంది. దెబ్బ ఎక్కడో లోతున, మెదడు నడి మధ్యలో తగిలింది. చిటికెన వేలి గోరంత మచ్చలు రెండు. రక్తపోటు వల్ల సన్నని నాళాలు మూసుకుపోయి అక్కడ రక్తం అందలేదట.

"మరి ముందు భాగం బాగుంటే ఈవిడకి ఇలా ఎందుకండి?" అన్నారు మా ఆయన.

"ఆ లోతైన చోటికీ ముందు భాగానికీ మధ్య రాకపోకలుంటాయి. రెండూ కలిసే పనిచేస్తాయి. లోపల చోటు చిన్నది, దారులన్నీ దాంట్లోంచే వెళ్లాలి. అందుకని మచ్చ చిన్నదైనా నష్టం పెద్దది."

మావయ్యగారు ఫిల్ము దగ్గరికెళ్లి కళ్లద్దాలు పైకెత్తి చూశారు. "అర్థమైందండి," అన్నారు. "చేలు బాగానే ఉన్నాయి, గోదాట్లో నీళ్లూ ఉన్నాయి. మధ్యలో లాకు తలుపు పడిపోయింది." ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన పనికొచ్చే మాట చెప్పడం అదే మొదటిసారని మా ఆయన తర్వాత నాతో హాస్యమాడారు.

పెద్ద డాక్టరుగారు కూడా నవ్వి, ఈ రకం దెబ్బ చాలామందికి నెలల మీద కొంత సర్దుకుంటుందనీ, పూర్తిగా పూర్వపు మనిషి అవుతారని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పారు. రోజూ మాత్ర వెయ్యాలి, ఉప్పు తగ్గించాలి. ఒక్కసారి ఒక్క పనే చెప్పాలి. ఆ పని మనమే మొదలుపెట్టి చేతికివ్వాలి. రోజూ అదే వేళకి అదే పని ఉండాలి. "బద్ధకమని తిట్టకండి, అలక అనుకోకండి," అన్నారు. మా నలుగురి సంగతి ఆయనకెవరు చెప్పారో!

రైలుకి ఇంకా టైము ఉందని మావయ్యగారు ఆవిడని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లారు. వాళ్లిద్దరూ పక్కపక్కన నడిచి అలల దగ్గర నిలబడ్డారు, మా ఆయనా నేనూ కాస్త వెనక ఉన్నాం. ఒక పెద్ద అల వచ్చి మావయ్యగారి పంచె మోకాళ్ల పైదాకా తడిపేసింది. ఆయన గంతేశారు. అత్తగారు ఫక్కున నవ్వారు. ఎవరూ నవ్వమనలేదు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన ఆ తడిపంచెతోనే రైలెక్కారు.

ఇంటికొచ్చాక ఆవిడని నడిపించే పని నాది. పొద్దున్నే "లేవండి", "మొహం కడుక్కోండి", "ఈ చెంబు పట్టుకోండి". మొదట్లో నా నోటికి ఆ మాటలు రాలేదు. ఎనిమిదేళ్లు ఆవిడ చెప్పినట్టు నడిచినదాన్ని. రెండు వారాల్లో అలవాటైపోయింది. నిజం చెప్పొద్దూ, కొంచెం సరదాగా కూడా ఉండేది.

మొదలుపెట్టించడం ఎంత అవసరమో ఆపించడమూ అంతే అవసరమని ఆలస్యంగా తెలిసింది. ఒక రోజు మొదటి నాలుగు దెబ్బలు నేను వేసి, కత్తి ఆవిడ చేతికిచ్చి, పనసపొట్టు కొట్టమన్నాను. ఇంతలో పక్కింట్లో పురుడొచ్చిందని కబురొస్తే పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. దింపి పెట్టిన పనసకాయలు నాలుగూ అయిపోయాయి. మెత్తటి, సన్నటి, ఒక్క ముక్క లేని పొట్టు అరుగు మీద గుట్టగా పోసి ఉంది. ఆవిడ ఖాళీ పీట మీద ఇంకా కత్తి ఆడిస్తున్నారు. "చాలండి అత్తయ్యగారూ!" అన్నాను. ఆపేశారు. ఆ రోజు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ పనసపొట్టు కూరే. ఆవపెట్టి వండినవాళ్లందరూ, ఇంత చక్కగా ఎవరు కొట్టారని అడిగారు.

ఇంకో చిక్కు నోటితో వచ్చింది. వేసవి మొదట్లో ఆడపడుచు అత్తగారు చూడటానికొచ్చారు. పాయసం చేసి తెచ్చారు. "ఎలా ఉందండీ వదినగారూ?" అని అడిగారు. అత్తగారు తడుముకోకుండా, "మీ పాయసం ఎప్పుడూ బాగోదండి. బెల్లం మాడుస్తారు," అన్నారు. పదేళ్లుగా ఆ పాయసాన్ని పొగిడింది ఈవిడే. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వియ్యపురాలుగారు మాత్రం నోరెళ్లబెట్టి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. "మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు చూసేరా," అని బెల్లం పాకం ఎలా పట్టాలో అక్కడే కూర్చుని అడిగి తెలుసుకున్నారు.

ఆవకాయ రోజులొచ్చాయి. మొదటిసారి నేనే కలుపుతున్నాను. ఆవపిండి, కారం, ఉప్పు ఆవిడ కొలతల్లోనే వేశాను. ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుని చూస్తున్నారు. మావయ్యగారు వాకిట్లో పేపరు చదువుకుంటున్నారు. నేను గరిటె కడిగి, తుడవకుండా జాడీలో పెట్టబోయాను.

"అమ్మాయ్!"

ఆ గొంతు విని నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తడి గరిటె పెడతావేవిటే జాడీలో? బూజు పట్టదూ? ఎనిమిదేళ్లయి ఏం నేర్చుకున్నావు నా దగ్గర?"

వాకిట్లో పేపరు కింద పడిన చప్పుడు వినిపించింది. మావయ్యగారు పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఏవన్నావే? మళ్లీ అను!"

"తడి గరిటె పెడుతోందండీ మీ కోడలు. చూస్తూ ఊరుకుంటారేం?"

నేను కారం చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. ఆ తర్వాత ఏడ్చింది సంతోషానికో కారానికో చెప్పలేను. మావయ్యగారు సైకిలేసుకుని రాజోలు వెళ్లి కాజాలు పొట్లం కట్టించుకొచ్చారు. అడిగినవాళ్లందరికీ, "మా ఆవిడ కోడల్ని తిట్టిందండీ!" అని చెప్పి పంచారు. బడి నుంచి మా ఆయన వచ్చి సంగతి విని, తల్లి ముందు చతికిలబడి, "నన్ను కూడా తిట్టమ్మా" అన్నారు. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "నిమ్మచెట్టు కొట్టించినవాడివి నీతో నాకేం మాట," అన్నారు.

అంటే మేం ఒప్పుకున్నవన్నీ ఆవిడ విన్నారు. అన్నీ గుర్తున్నాయి! చుట్టలూ, మాగాయ జాడీ, పట్టుచీరా, అన్నీ. వారం రోజుల్లో వరసపెట్టి అందరి బాకీ తీర్చేశారు. మావయ్యగారు దొంగచాటుగా చుట్ట కాల్చే చోటు పాక వెనక నుంచి పాదుల్లోకి మారింది.

చాలా రోజుల తర్వాత, ఇద్దరమూ చింతపండు గింజలు తీస్తుంటే అడిగాను. "మేం చెప్పినప్పుడు మీకు కోపం రాలేదా అత్తయ్యగారూ?"

ఆవిడ ఆలోచించారు. "రావాలని తెలుసే. ఇప్పుడు వీణ్ని కడిగెయ్యాలి అనిపించేది కూడా. కానీ రాలేదు. ఆకలీ అంతే. దాహమూ అంతే."

"అలా ఉంటే భయమెయ్యలేదా?"

"భయం వేస్తే బాగుండేదే అమ్మాయ్. ఏమీ వెయ్యలేదు. వాన పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే వణుకొస్తోంది."

ఆవిడ పూర్తిగా పూర్వంలా అవలేదు. స్నానానికి వెళ్తే రమ్మని పిలవాల్సొచ్చేది. రెండు పనులు ఒకేసారి చెబితే రెండోది జారిపోయేది. దింపు రోజున చెట్ల లెక్క నేను చూసుకునేదాన్ని, అరుపులు ఆవిడ చూసుకునేవారు. ఇద్దరం కలిస్తే పూర్వపు అత్తగారు ఒకరయ్యేవారు. అలా కలిసి పనిచెయ్యడంలోనే మాకు స్నేహం కుదిరింది.

రెండేళ్లు గడిచాక ఒక పొద్దున్న ఆవిడ కనిపించలేదు. బావి దగ్గర లేరు, పాదుల్లో లేరు. మావయ్యగారు కాలవ గట్టు వెంబడి, మా ఆయన రేవు వైపు పరుగెత్తారు. నేను గది చూస్తే చిన్న సంచీ, కళ్లజోడు, మాత్రల సీసా లేవు. అలమరలో ఇస్త్రీ చీర ఒకటి తగ్గింది. సాయంత్రం బస్సు కండక్టరు మా ఇంటి ముందు ఆగి కబురు చెప్పాడు. "మీ అమ్మగారు అమలాపురంలో బస్సు మారి కొత్తపేట ఎళ్లేరండి. కూతురి గారింట్లో ఉన్నారంట. కంగారు పడొద్దని చెప్పమన్నారండి."

మాత్రలు సర్దుకోవడం, బస్సు టైము తెలుసుకోవడం, మధ్యలో దిగి మారడం, ఇంట్లోవాళ్లు కంగారు పడతారని ముందే ఊహించి కబురు పెట్టడం. అన్నీ ఎవరూ చెప్పకుండా తనంతట తానే. మర్నాడు మా ఆయన తీసుకురావడానికి వెళ్లారు. ఆవిడ రానన్నారు. వియ్యపురాలి పాయసం ఈమధ్య బాగుంటోందట, పది రోజులుండి వస్తానన్నారు. ఆయన ఒక్కరే తిరిగొచ్చి ఆ మాట చెబుతుంటే, మావయ్యగారు చాలాసేపు నవ్వి, లేచి వెళ్లి పాదుల్లో నింపాదిగా చుట్ట వెలిగించుకున్నారు.